రచ్చ గెలిచిన దీవులు

ఆక్లండ్‌లో కాపురం పెట్టిన కొత్తలో మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. పేరు మనవాళ్ళ పేరులాగే ఉందని ఉత్సాహం పట్టలేక "బావున్నారా అండీ!" అని తెలుగులో పలకరించాను. ఆయన ఒక్క క్షణం ఆగి, నవ్వి, హిందీలో జవాబిచ్చారు. అది కూడా మనం సినిమాల్లో వినే హిందీ కాదు, ఫిజీ చెరుకు తోటల్లో పుట్టి పెరిగిన హిందీ. వాళ్ళ తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్ళి మద్రాసు రేవులో ఓడెక్కారట. తాతకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. మనవడికి తెలుగులో మిగిలినవి అమ్మ, నాన్న, అన్నం, నీళ్ళు, ఇంకో నాలుగైదు తిట్లు.

ఒక సాయంత్రం వాళ్ళింట్లో టీ తాగుతున్నాం. టీవీలో పసిఫిక్ దీవుల ఫోరం సమావేశం గురించి వార్త వచ్చింది. పూల చొక్కాలు వేసుకున్న ప్రధానమంత్రులూ అధ్యక్షులూ వరసగా నిలబడి ఫోటో దిగుతున్నారు. పెద్దాయన కప్పు కింద పెట్టి ఒక మాట అన్నారు. "వీళ్ళంతా కలిసి ఫ్రాన్సు వాడి బాంబుల్ని ఆపించారు. గొప్ప సంగతే. మరి 1987లో మా పార్లమెంటులోకి తుపాకులతో వచ్చినప్పుడు వీళ్ళలో ఒక్కడికీ నోరెందుకు పెగల్లేదు?"

ఆయన ఆ ఏడాదే ఫిజీ వదిలి న్యూజీలాండ్ వచ్చేసిన మనిషి. ఆయన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అప్పటికి ఆ ఫోరం అంటే ఏమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు. మనకి యూరోపియన్ యూనియన్ తెలుసు, సార్క్ తెలుసు. మనం ఉంటున్న దేశం పుట్టించిన సంఘం మాత్రం తెలియదు. అప్పటినుంచి దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. ఈ వ్యాసం ఆయనకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

*

రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక, 1947లో, పసిఫిక్‌లో వలసలున్న ఆరు దేశాలు కలిసి దక్షిణ పసిఫిక్ కమిషన్ అని ఒక సంస్థ పెట్టుకున్నాయి. ఆ ఆరూ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్. దీవుల్లో ఆరోగ్యం, చదువు, వ్యవసాయం లాంటివి మెరుగు పరచటం దాని పని. మంచి పనే. కానీ అక్కడ రాజకీయాలు మాట్లాడకూడదు. దీవుల వాళ్ళు వచ్చి కొబ్బరికి పట్టే తెగుళ్ళ గురించి మాట్లాడవచ్చు, స్వాతంత్ర్యం గురించి మాత్రం మాట్లాడరాదు.

ఈలోగా ఒక్కొక్క దీవీ సొంతకాళ్ళ మీద నిలబడటం మొదలుపెట్టింది. 1962లో పశ్చిమ సమోవా, 1968లో నౌరు స్వతంత్ర దేశాలయ్యాయి. కుక్ దీవులకి 1965లో స్వపరిపాలన వచ్చింది. 1970లో టోంగా, ఫిజీ వచ్చి చేరాయి. సరిగ్గా అదే కాలంలో, 1966 నుంచీ, ఫ్రాన్స్ తన అధీనంలో ఉన్న మొరురోవా పగడపు దీవి మీద, బహిరంగంగా ఆకాశంలోనే, అణుబాంబులు పేల్చి చూసుకుంటోంది. ఆ గాలి ఎటు వీస్తే అటు దీవులు, వాటి మీద మనుషులు. ఆ మాట కమిషన్‌లో ఎత్తబోతే ఇది రాజకీయం, ఇక్కడ కుదరదన్నారు.

మన ఊళ్ళలో మునసబు కచేరీలో మాట్లాడనివ్వకపోతే జనం ఏం చేస్తారు? చెట్టు కింద రచ్చబండ దగ్గర చేరతారు. వీళ్ళూ అదే చేశారు. 1971 ఆగస్టు 5 నుంచి 7 దాకా వెల్లింగ్టన్‌లో ఏడు దేశాల నాయకులు కలిశారు. ఫిజీ, టోంగా, పశ్చిమ సమోవా, నౌరు, కుక్ దీవులు, వాటితో పాటు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్. దక్షిణ పసిఫిక్ ఫోరం అని పేరు పెట్టుకున్నారు. అప్పుడు దానికి రాజ్యాంగం లేదు, ఓటింగ్ లేదు. కూర్చుని, అందరూ సరే అనేదాకా మాట్లాడుకోవటమే పద్ధతి. ఫిజీ మొదటి ప్రధాని రాతూ మారా 1970లో ఐక్యరాజ్య సమితిలో 'పసిఫిక్ పద్ధతి' అని ఒక మాట వాడారు. ఆ మాట ఈ సంఘానికి అలాగే అతుక్కుపోయింది. ఆ మొదటి సమావేశంలోనే వాళ్ళు చేసిన పనుల్లో ఒకటి, ఇక బాంబులు ఆపమని ఫ్రాన్సుని అడగటం.

న్యూజీలాండ్ ఆతిథ్యం ఇవ్వటం వెనక ఉదారత ఒక్కటే లేదు. ఆ రోజుల్లో ఈ దేశానికి బ్రిటన్ అమ్మగారిల్లు. వెన్న, జున్ను, గొర్రె మాంసం, ఏది చేసినా ఓడెక్కి లండను వెళ్ళాల్సిందే. ఆ బ్రిటన్ యూరప్ ఆర్థిక సమాజంలో చేరటానికి సిద్ధమవుతోంది, 1973 జనవరిలో చేరింది కూడా. యూరప్ వాళ్ళ పాడి రైతులకి వాళ్ళ గోడలు వాళ్ళకున్నాయి. ఇక మన ఇరుగు పొరుగు ఎవరు అని న్యూజీలాండ్ మొదటిసారి గంభీరంగా చుట్టూ చూసుకున్న కాలం అది. ఒక ప్రాంతీయ సంఘం తలుపు మూస్తుంటే ఇంకో సంఘం తలుపు తెరుచుకుంది.

*

ఇక్కడినుంచి కథ పెద్దదవుతుంది.

1973లో న్యూజీలాండ్, ఆస్ట్రేలియా రెండూ ఫ్రాన్స్ మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళాయి. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళు కూడా నిండని ఫిజీ, మా మాట కూడా వినమని అర్జీ పెట్టుకుంది. జూన్‌లో న్యాయస్థానం పరీక్షలు ఆపమని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. ఫ్రాన్స్ లెక్కచెయ్యలేదు. అప్పుడు న్యూజీలాండ్ ప్రధాని నార్మన్ కర్క్ ఒటాగో అనే యుద్ధనౌకని మొరురోవా దగ్గరికి పంపించారు. అందులో ఫ్రేజర్ కోల్మన్ అనే మంత్రిని కూడా ఎక్కించారు. యుద్ధం చెయ్యటానికి కాదు, ప్రపంచం చూసేలా సాక్షిగా నిలబడటానికి. 1974 తరవాత ఫ్రాన్స్ ఆకాశంలో పేల్చటం మానేసి భూగర్భంలో పేల్చటం మొదలుపెట్టింది. సగం గెలుపు.

1985 జులై 10 రాత్రి ఆక్లండ్ రేవులో గ్రీన్‌పీస్ వాళ్ళ 'రెయిన్‌బో వారియర్' ఓడని బాంబులు పెట్టి ముంచేశారు. ఫెర్నాండో పెరేరా అనే ఫోటోగ్రాఫర్ చనిపోయాడు. చేసింది ఫ్రెంచి ప్రభుత్వ గూఢచారులు. నెల తిరక్కుండానే, ఆగస్టు 6న, హిరోషిమాకి నలభై ఏళ్ళు నిండిన రోజున, కుక్ దీవుల్లోని రరోటొంగాలో ఫోరం దేశాలు కూర్చుని దక్షిణ పసిఫిక్‌ని అణ్వస్త్ర రహిత ప్రాంతంగా చేస్తూ ఒప్పందం రాసుకున్నాయి. ఆ రోజు ఎనిమిది దేశాలు సంతకం చేశాయి. 1986 డిసెంబరులో అది అమలులోకి వచ్చింది. ఇది చాలదు, ఇంకా గట్టిగా ఉండాలి అని వనువాటు పదేళ్ళ పాటు సంతకమే పెట్టలేదు. లాటిన్ అమెరికా తరవాత, జనం నివసించే ప్రాంతాల్లో ఇలాంటి ఒప్పందం చేసుకున్నది వీళ్ళే.

ఆ ఓడ కథ ముగిసిన తీరు తెలుసుకోదగ్గది. పట్టుబడ్డ ఇద్దరు గూఢచారులకి న్యూజీలాండ్ కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. ఫ్రాన్స్ 1986లో న్యూజీలాండ్ సరుకుల్ని అడ్డుకోవటం మొదలుపెట్టింది. అందులో గొర్రె మెదళ్ళ లాంటి చిన్న సరుకులు కూడా ఉన్నాయి. అసలు బెదిరింపు వెన్న మీద. బ్రిటన్‌కి వెన్న ఎంత పంపవచ్చో తేల్చేది యూరప్ సమాజం, అందులో ఫ్రాన్స్‌ది పెద్ద గొంతు. చివరికి ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి పెరెజ్ దె కుయెల్యార్ మధ్యవర్తిగా తీర్పు చెప్పారు. ఫ్రాన్స్ క్షమాపణ చెప్పి డెబ్భై లక్షల డాలర్లు ఇవ్వాలి. గూఢచారులిద్దరూ మూడేళ్ళు హావో అనే పసిఫిక్ దీవిలో ఉండాలి. ఆ తీర్పులోనే ఇంకో వాక్యం ఉంది. 1987, 1988 సంవత్సరాల్లో న్యూజీలాండ్ వెన్న బ్రిటన్‌కి పోవటానికి ఫ్రాన్స్ అడ్డు చెప్పకూడదు. ఒక మనిషి ప్రాణం, ఒక దేశపు పరువు, వెన్న ముద్దలు, మూడూ ఒకే కాగితం మీద. ప్రాంతీయ సంఘం అంటే ఎంత బలమో అప్పుడు న్యూజీలాండ్‌కి తెలిసొచ్చింది. ఆ గూఢచారులు మూడేళ్ళు నిండకుండానే ఫ్రాన్స్ వెళ్ళిపోయారన్నది వేరే సంగతి.

1995లో ఫ్రాన్స్ మళ్ళీ పరీక్షలు మొదలుపెడితే ఫోరం తన చర్చల భాగస్వాముల జాబితాలోంచి ఫ్రాన్సుని పక్కన పెట్టింది. ప్రపంచమంతా గోలపెట్టింది. 1996 జనవరితో పరీక్షలు ఆగాయి. ముప్ఫై ఏళ్ళలో మొత్తం 193 పేలుళ్ళు. ఆ మార్చిలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ మూడూ ఫిజీ రాజధాని సువాలో రరోటొంగా ఒప్పందపు అనుబంధ పత్రాల మీద సంతకాలు చేశాయి.

*

బాంబుల తరవాత చేపలు.

కిరిబాటి అని ఒక దేశం ఉంది. రాసేది అలా, పలికేది కిరిబాస్ అని. దాని నేల మొత్తం 811 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక చిన్న రెవెన్యూ డివిజన్ అంత. కానీ 1982 నాటి సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి రెండువందల నాటికల్ మైళ్ళ దాకా హక్కు కాబట్టి దాని సముద్రం భారతదేశం మొత్తం విస్తీర్ణాన్ని మించి ఉంటుంది. ప్రపంచంలో పట్టే ట్యూనా చేపల్లో సగానికి పైగా పశ్చిమ, మధ్య పసిఫిక్‌వే. నీళ్ళలో లక్ష్మి ఉంది, దోచుకుపోయే ఓడలు దూరదేశాలవి. కాపలా కాయటానికి ఈ దేశాలకి పడవలే లేవు.

ఫోరం 1979లో సాలమన్ దీవుల రాజధాని హోనియారాలో మత్స్య సంస్థ పెట్టింది. అప్పటిదాకా అమెరికా ఒక వాదన చేసేది. ట్యూనా దేశాలు తిరిగే చేప, అది ఎవరి సొత్తూ కాదు అని. 1984లో సాలమన్ దీవులు 'జెనెట్ డయానా' అనే అమెరికన్ చేపల ఓడని పట్టుకున్నాయి. అమెరికా కోపగించి ఆ చిన్న దేశపు చేపల దిగుమతిని ఆపేసింది. అయినా మిగతా దీవులు సాలమన్‌ని వదిలెయ్యలేదు. 1985లో కిరిబాటి సోవియట్ యూనియన్‌కి చేపలు పట్టుకునే హక్కు ఇవ్వటంతో అమెరికాకి గొంతులో వెలక్కాయ పడింది. 1987లో అమెరికా దిగివచ్చి, ఫోరం దేశాలన్నిటితో కలిపి ఒకే ఒప్పందం చేసుకుని, డబ్బు కట్టటానికి ఒప్పుకుంది.

రెండేళ్ళ తరవాత, కిలోమీటర్ల పొడవున వలలు పరిచి కంటపడ్డ జీవినల్లా లాగేసే పద్ధతి మీద ఫోరం కిరిబాటిలోని టరావాలో ప్రకటన చేసింది. ఆ నవంబరులో వెల్లింగ్టన్‌లో దాన్ని నిషేధించే ఒప్పందం రాసుకున్నారు. ఐక్యరాజ్య సమితి దాన్ని అందుకుని, 1992 చివరికల్లా మహాసముద్రాల్లో ఆ వలల్ని మానెయ్యాలని 1991లో తీర్మానించింది. దీవుల రచ్చబండ దగ్గర అనుకున్న మాట మూడేళ్ళలో లోకానికి నియమమయింది.

ఇదీ ఆ పెద్దాయన "గొప్ప సంగతే" అన్నది. ఐక్యరాజ్య సమితిలో చైనాకైనా ఒకటే ఓటు, పదివేలమంది జనాభా ఉన్న టువాలుకైనా ఒకటే ఓటు. విడివిడిగా ఎవరూ పట్టించుకోని ఓట్లు, కట్ట కడితే చేతికర్రలా పనికొస్తాయి. న్యూ కాలెడోనియాని వలసల జాబితాలో మళ్ళీ చేర్పించటానికి ఫోరం పూనుకుని 1986 డిసెంబరులో సర్వసభ్య సభలో గెలిచింది కూడా ఆ లెక్కతోనే.

*

మరి ఇంటి సంగతి?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దవాళ్ళు. ఈ సంఘం రచ్చ ముందు గెలిచింది. ఇంటి దగ్గర పరిస్థితి వేరు.

ముందు న్యూజీలాండ్ సంగతే చెప్పుకోవాలి, మనం దాని ఉప్పు తింటున్నాం కాబట్టి. సమోవాని 1914 నుంచి 1962 దాకా పాలించింది ఈ దేశమే. 1918లో ఆక్లండ్ నుంచి వెళ్ళిన ఓడలోని రోగుల్ని అధికారులు ఏపియాలో దింపనిచ్చారు. ఆ ఇన్‌ఫ్లుయెంజాకి సమోవా జనాభాలో సుమారు ఐదోవంతు చనిపోయారు. దానికీ, పాలనలోని ఇతర తప్పులకీ ప్రధాని హెలెన్ క్లార్క్ 2002లో క్షమాపణ చెప్పారు. వెల్లింగ్టన్‌లో ఫోరం పుట్టిన ఐదేళ్ళలోపే, 1974 నుంచి 76 దాకా, ఇదే దేశపు పోలీసులు తెల్లవారుజామున పసిఫిక్ వాళ్ళ ఇళ్ళ తలుపులు బాది, వీసా గడువు దాటిందా అని వెతికారు. గడువు దాటినవాళ్ళలో తెల్లవాళ్ళూ ఉన్నారు, బాదింది మాత్రం ఎక్కువగా దీవులవాళ్ళ తలుపులే. దానికి ప్రధాని జసిండా ఆర్డెర్న్ క్షమాపణ చెప్పింది 2021 ఆగస్టులో.

ఇక ఫిజీ. 1879 మే 14న కలకత్తా నుంచి 'లియొనిడాస్' ఓడ మొదటి కూలీలని తీసుకుని ఫిజీ చేరింది. 'అగ్రిమెంటు' అన్న మాట వాళ్ళ నోట్లో 'గిర్మిట్' అయింది. 1903 నుంచి మద్రాసు రేవు ఓడలు కూడా మొదలయ్యాయి. 1916 దాకా వెళ్ళిన అరవైవేల పైచిలుకు మందిలో దక్షిణాదివాళ్ళు పదిహేనువేల దాకా ఉన్నారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు అందులో ఉన్నారు. దక్షిణాదివాళ్ళంతా కలిసి 1926లో సంగం పెట్టుకుంటే, తెలుగువాళ్ళు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. భాష పోతోందన్న దిగులు మనతోనే మొదలు కాలేదన్నమాట.

1987 ఏప్రిల్ ఎన్నికల్లో తిమొచి బవాద్రా నాయకత్వాన కూటమి గెలిచింది. బవాద్రా ఆ దేశపు మూలవాసే, కానీ గెలిచిన సభ్యుల్లో ఎక్కువమంది భారతీయ సంతతివాళ్ళు. నెల తిరగ్గానే, మే 14న, ముసుగులు వేసుకున్న సైనికులు పార్లమెంటులోకి వచ్చి ప్రభుత్వాన్ని ఎత్తుకుపోయారు. నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ సితివెని రబూకా. మొదటి ఓడ వచ్చిన తేదీ, ఈ తేదీ ఒకటే. నూట ఎనిమిదేళ్ళు తేడా. మా పెద్దాయన ఈ లెక్క చెప్పేటప్పుడు "అష్టోత్తరం పూర్తయింది" అనేవారు, నవ్వకుండా.

ఆ మే నెలాఖరులోనే ఏపియాలో ఫోరం సమావేశం జరిగింది. ఆందోళన వెలిబుచ్చారు. ఇది ఫిజీ సొంత విషయం అన్న వాదనే చివరికి నెగ్గింది. సెప్టెంబరులో రబూకా రెండోసారి తిరుగుబాటు చేసి, అక్టోబరులో రిపబ్లిక్ ప్రకటించారు. కామన్‌వెల్త్ సభ్యత్వం పోయింది. ఫోరం సభ్యత్వం మాత్రం పోలేదు. అంతకంటే చిత్రం, ఫోరం ప్రధాన కార్యాలయం ఉన్నది ఆ సువా నగరంలోనే. పార్లమెంటు నుంచి ఎంతో దూరం కాదు.

ఎందుకిలా జరిగింది? చదివినకొద్దీ రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, ఈ దేశాలన్నీ నిన్నమొన్నటిదాకా ఇంకొకడు వచ్చి పెత్తనం చేస్తే పడ్డవి. ఒకరింట్లో ఒకరు వేలు పెట్టకూడదన్నది వాళ్ళకి పిరికితనపు మాట కాదు, కొత్తగా దక్కిన గౌరవం. ఫిజీలో అన్యాయం అని వేలు చూపించేవాళ్ళలో ముందుండేది ఆస్ట్రేలియా, న్యూజీలాండ్. పాత దొరల గొంతు మళ్ళీ వినబడినట్టు ఉండేది మిగతావాళ్ళకి. రెండోది, చాలా దీవుల్లో నేల అంటే తాతముత్తాతల పేరు. మూలవాసులు తమ దేశంలో తామే తక్కువైపోతామేమో అన్న భయాన్ని వాళ్ళు అర్థం చేసుకున్నారు. ఆ భయం బూటకం కాదు. కానీ ఆ భయాన్ని తీర్చటానికి ఇంకొకరి ఓటు లాక్కోవలసిన అవసరం లేదన్న మాట అప్పట్లో ఎవరూ గట్టిగా చెప్పలేదు. 1986 జనాభా లెక్కల్లో భారతీయ సంతతి 48.7 శాతం. 2007 నాటికి 37.5. ఈ తగ్గిన అంకెలో మా వీధి చివరి ఇల్లు కూడా ఉంది.

*

ఫోరం నేర్చుకోలేదా అంటే నేర్చుకుంది, ఆలస్యంగా.

న్యూజీలాండ్ మాజీ గవర్నర్ జనరల్, మావోరీ వంశస్థుడు సర్ పాల్ రీవ్స్ అధ్యక్షతన వేసిన సంఘం సిఫార్సులతో ఫిజీకి 1997లో కొత్త రాజ్యాంగం వచ్చింది. 1999లో మహేంద్ర చౌదరి ప్రధాని అయ్యారు. భారతీయ సంతతిలో మొదటివారు. ఏడాది తిరిగేసరికి, 2000 మే 19న, జార్జ్ స్పైట్ మనుషులు ఆయన్నీ సహచరుల్నీ పార్లమెంటులో బందీలుగా పట్టుకుని 56 రోజులు ఉంచారు. ఆ జూన్‌లోనే సాలమన్ దీవుల్లో ప్రధానమంత్రిని సాయుధులు పట్టుకున్నారు. రెండిళ్ళు ఒకేసారి అంటుకుంటే ఇది మీ సొంత విషయం అనటం ఇక కుదరలేదు.

ఆ అక్టోబరులో కిరిబాటిలో ఫోరం బికెటావా ప్రకటన చేసింది. జాతి, రంగు, మతం, స్త్రీ పురుష భేదం లేకుండా పౌరులందరూ సమానమేనని, ప్రభుత్వాలు శాంతిగానే మారాలని రాసుకున్నారు. మూలవాసుల హక్కుల మాట కూడా అందులోనే ఉంది. ఒక సభ్యదేశంలో సంక్షోభం వస్తే మిగతావాళ్ళు కలిసి పూనుకోవచ్చునని ఒప్పుకున్నారు. ఆ కాగితం ఆధారంగానే 2003 జులైలో పసిఫిక్ దేశాల పోలీసులూ సైనికులూ సాలమన్ దీవులకి, ఆ ప్రభుత్వం పిలుపు మీద, వెళ్ళారు. 2017 దాకా ఉన్నారు.

2006 డిసెంబరులో ఫిజీలో బైనిమరామా తిరుగుబాటు చేశారు. ఈయన చెప్పిన మాట వేరు, అందరికీ సమాన పౌరసత్వం అని. ఎన్నికలు మాత్రం పెట్టలేదు. 2009 ఏప్రిల్‌లో రాజ్యాంగమే రద్దయింది. మే 2న ఫోరం ఫిజీని సస్పెండ్ చేసింది. ఫోరం చరిత్రలో అలా చెయ్యటం అదే మొదలు. 2014 సెప్టెంబరులో ఎన్నికలు జరిగాకే ఆ నిషేధం తీసేశారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. మన ఓటు లాక్కున్న 1987లో మాట్లాడని సంఘం, సమానత్వం పేరు చెప్పుకున్న సైన్యాధిపతిని వెలివేసింది. మా పెద్దాయనకి ఇది అస్సలు మింగుడు పడలేదు. "మా బాధ అప్పుడు వాళ్ళ కంటికి ఆనలేదు" అన్నారు. నాకు మాత్రం ఇంకోలా అనిపిస్తుంది. తుపాకీ ఏ మంచి మాట చెప్పినా అది తుపాకీయే. ఆ నియమం 1987లోనే ఉంటే ఆయన ఆక్లండ్ వచ్చే అవసరం ఉండేది కాదేమో.

*

మన సార్క్ పక్కన పెట్టి చూస్తే దీని విలువ ఇంకొంచెం తెలుస్తుంది. రరోటొంగా ఒప్పందం జరిగిన 1985లోనే, డిసెంబరు 8న, ఢాకాలో సార్క్ పుట్టింది. రెండు దేశాల మధ్య తగాదాలు, వివాదాస్పద విషయాలు అక్కడ చర్చించకూడదని దాని నియమావళిలోనే రాసుకున్నారు. పాత దక్షిణ పసిఫిక్ కమిషన్ నియమం గుర్తొస్తోందా? వందకోట్ల పైచిలుకు జనం ఉన్న సంఘం 2014లో కాఠ్మాండూలో చివరిసారి శిఖరాగ్ర సభ జరుపుకుంది, మళ్ళీ కూర్చోలేదు. పసిఫిక్ వాళ్ళు మాత్రం మాటలు కుదరని విషయం దగ్గరే మొదలుపెట్టారు.

అలాగని అక్కడ అంతా సవ్యంగా లేదు. 1999లో పేరు మార్చాలని నిర్ణయించుకుని పసిఫిక్ దీవుల ఫోరం అయ్యారు. ఇప్పుడు సభ్యులు పద్దెనిమిది. 2021లో ప్రధాన కార్యదర్శి పదవి దగ్గర పేచీ వచ్చి ఉత్తరాన ఉన్న అయిదు మైక్రొనీషియా దేశాలు లేచిపోతామన్నాయి. 2022 జూన్‌లో సువాలో రాజీ కుదిరింది, అయినా కిరిబాటి వెళ్ళిపోయింది. అమెరికా, చైనా చెరో పక్కనుంచి లాగుతుంటే 2025లో హోనియారా సమావేశానికి బయటి భాగస్వాములనెవరినీ పిలవకుండానే కూర్చున్నారు. ఇంటి పెద్ద పాత్రకి అలవాటుపడిన ఆస్ట్రేలియాతో బొగ్గు గురించి దీవులకి ఏళ్ళ తరబడి రగడ ఉండనే ఉంది.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న సముద్రం. వాతావరణ మార్పే ఈ ప్రజల భద్రతకి అన్నిటికన్నా పెద్ద ముప్పు అని 2018లో నౌరులో చేసిన బోయె ప్రకటనలో రాసుకున్నారు. 2021లో ఇంకో మాట చెప్పారు. నీళ్ళు పెరిగి తీరం మునిగినా, ఇప్పటికే గీసుకున్న సముద్ర సరిహద్దులు మారవు అని. నేల పోయినా దేశం పోదు అన్నమాట. 2019లో వనువాటులోని దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో 27 మంది న్యాయశాస్త్ర విద్యార్థులు ఒక ఆలోచన ఎత్తారు. వాతావరణం పాడు చేసే దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడుగుదాం అని. వనువాటు దాన్ని భుజాన వేసుకుంది, ఫోరం వెనక నిలిచింది. 2023 మార్చిలో సర్వసభ్య సభ ఏకగ్రీవంగా అడిగింది. 2025 జులై 23న న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని కాపాడటం దేశాలకి చట్టబద్ధమైన బాధ్యతేనని. 1973లో ఫ్రాన్స్ మీద అర్జీ పట్టుకుని వెళ్ళిన గుమ్మమే ఇది.

*

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను.

2022 డిసెంబరు ఎన్నికల తరవాత ఫిజీకి మళ్ళీ ప్రధాని అయినది ఎవరో కాదు, ఆ సితివెని రబూకాయే. 2023 జనవరిలో ఆయన కిరిబాటి వెళ్ళి, ఫిజీ సంప్రదాయం ప్రకారం తప్పు ఒప్పుకునే తంతు జరిపి, ఆ దేశాన్ని ఫోరంలోకి తిరిగి తీసుకొచ్చారు. నాలుగు నెలల తరవాత, మే 14న, సువాలో మెథడిస్టు చర్చి ఏర్పాటు చేసిన సభలో, గిర్మిట్ కూలీల వారసుల ముందు నిలబడి 1987లో చేసిన దానికి క్షమించమని అడిగారు. ఆ ఏడాది నుంచి గిర్మిట్ దినం అక్కడ సెలవు రోజయింది.

ఒకే మనిషి, ఒకే ఏడాది, రెండు క్షమాపణలు. ఒకటి రచ్చ కోసం, ఒకటి ఇంటి కోసం. మొదటిది సంఘాన్ని నిలబెట్టింది. రెండోదానితో ఎవరి పొలమూ తిరిగి రాలేదు, ఎవరి తెలుగూ తిరిగి రాలేదు. అయినా అది విలువ లేనిది అనను. ముప్ఫై ఆరేళ్ళ పాటు ఒక దేశం నోరు తెరిచి అనలేకపోయిన మాట అది.

పెద్దాయన ఆ రోజు దాకా లేరు. ఉంటే ఏమనేవారో ఊహించి చెప్పటం న్యాయం కాదు. ఆయన అడిగిన దానికి మాత్రం ఇప్పుడు నేను ఇంత చెప్పగలను. వాళ్ళకి నోరు లేక కాదు బాబాయిగారూ. పక్కింటివాడి తప్పుని తప్పు అనటానికి అప్పటికి వాళ్ళు ఒక నియమం రాసుకోలేదు. మీరంతా ఓడలూ విమానాలూ ఎక్కి వచ్చేశాక రాసుకున్నారు. ఏ సంఘమైనా బయటివాడి మీద గెలవటానికి ఐకమత్యం చాలు. లోపలివాడిని కాపాడటానికి ఐకమత్యం చాలదు, ఒక్కోసారి దాన్ని పణంగా పెట్టాలి కూడా. అది నేర్చుకోవటానికి వాళ్ళకి పదమూడేళ్ళు పట్టింది. ఆ పదమూడేళ్ళ ఖరీదు మీలాంటివాళ్ళు కట్టారు.